గీసింది ఒక సైజు.. ప్రింటైంది ఇంకో సైజు!

కోరల్‌డ్రా వచ్చు, ఫొటోషాప్ వచ్చు అని రెజ్యూమెలో రాసుకోవడం తేలికే. తెర మీద గీసిన బొమ్మను అడిగిన కొలతకు, మొదటి కాగితం మీదే దింపగలరా అన్నదే అసలు పరీక్ష. డీటీపీ సెంటర్ అయినా, ఫ్లెక్స్ షాపు అయినా, సివిల్ ఇంజినీర్ ఆఫీసు అయినా కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి పెద్ద పరిజ్ఞానం అక్కర్లేదు. పది రూపాయల స్కేలు, వంద మిల్లీమీటర్ల గీత ఉంటే చాలు.

ఇలా ఊహించుకోండి. డిగ్రీ ఫైనలియర్ పరీక్షలు అయిపోయాయి. బోధన్‌లో పొద్దున బస్సెక్కి నిజామాబాద్‌లో దిగారు. ఓ ప్రింటింగ్ షాపులో ఆపరేటర్ కావాలంటే వెళ్లారు. యజమాని సర్టిఫికెట్లు చూడలేదు. ఒక పెన్‌డ్రైవ్ చేతికిచ్చి, ‘ఇందుల స్కూలు ఐడీ కార్డులున్నయి. ఒక షీటు తియ్యి’ అన్నాడు.

ఫైలు తెరిచారు. ఏ4 పేజీలో పది కార్డులు వరుసగా ఉన్నాయి. కంట్రోల్+పి నొక్కారు, ఓకే కొట్టారు. రంగులు బాగానే వచ్చాయి. కానీ కార్డు కట్టర్‌లో పెట్టి నొక్కితే చుట్టూ తెల్ల అంచు మిగిలింది.

‘కార్డు చిన్నగ అచ్చిందేంది తమ్మీ? ఫైల్ల సక్కగనే ఉంది గదా?’

ఇప్పుడు మీరేం చేస్తారు? చాలామంది చేసే పని ఒక్కటే. బొమ్మను మౌస్‌తో పట్టుకుని కొంచెం పెద్దది చేసి మళ్లీ ప్రింట్ కొడతారు. ఈసారి పెద్దగా వస్తుంది. మళ్లీ తగ్గిస్తారు. నాలుగు ఫొటో షీట్లు పాడయ్యాక ఎలాగోలా కుదురుతుంది. రేపు ఇంకో ఫైలు వస్తే మళ్లీ అదే తంతు. యజమాని చూసేది మీ డిజైన్ ఒక్కటే కాదు, చెత్తబుట్టలో పడిన కాగితాలు కూడా!

సరిగా ఉన్న ఫైలును అంచనాతో సాగదీయడం మందు కాదు. రోగం ఎక్కడుందో ముందు తేలాలి.

కొలత మారేది మూడు చోట్ల

బొమ్మ తెర మీది నుంచి కాగితం మీదికి రావాలంటే మూడు గడపలు దాటాలి.

మొదటిది సాఫ్ట్‌వేర్‌లోని పేజీ. మీరు గీస్తున్న తెల్ల కాన్వాస్ ఏ4నా, లెటరా, లేక ఎవరో ఎప్పుడో పెట్టిన ఇంకేదైనా సైజా?

రెండోది ప్రింటర్ డ్రైవర్. అంటే ప్రింట్ కొట్టినప్పుడు తెరుచుకునే ప్రాపర్టీస్ లేదా ప్రిఫరెన్సెస్ కిటికీ. ఇందులో పేపర్ సైజ్ వేరుగా ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ఏ4 పెట్టినంత మాత్రాన ఇక్కడ ఏ4 అవుతుందన్న హామీ లేదు.

మూడోది ప్రింటర్ ట్రే. చాలా ప్రింటర్లలో ట్రేలో ఏ సైజు కాగితం పెట్టామో బటన్ల దగ్గరుండే మెనూలో చెప్పాలి. లోపల ఏ4 కాగితం ఉన్నా మెనూలో లెటర్ అని ఉంటే, మెషీన్ ‘లెటర్ కాగితం పెట్టు’ అంటూ ఆగిపోతుంది. లేదంటే కొలత మార్చి కొట్టేస్తుంది.

ఈ మూడూ ఒకే మాట మీద ఉంటే బొమ్మ గీసినట్టే వస్తుంది. ఒక్కటి తేడా కొట్టినా కంప్యూటర్ మిమ్మల్ని అడగకుండానే సర్దుబాటు చేస్తుంది. ఆ సర్దుబాటే మనకొచ్చే తలనొప్పి.

వంద మి.మీ. గీత

ఇప్పుడు అసలు చిట్కా. మీరు వాడే సాఫ్ట్‌వేర్‌లో ఏ4 పేజీ తెరవండి. అడ్డంగా 100 మి.మీ. గీత, నిలువుగా 100 మి.మీ. గీత గీయండి. ప్రింట్ తీసి స్కేలుతో కొలవండి. గీత ఎంత వచ్చిందన్న అంకెను బట్టి తప్పు ఏ గడప దగ్గరుందో చెప్పేయొచ్చు.

- 100 వచ్చింది: అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇక పని మొదలుపెట్టొచ్చు.

- 96 లేదా 97 వచ్చింది: ఎక్కడో ‘ఫిట్ టు పేజ్’ లేదా ‘ఫిట్ టు ప్రింటబుల్ ఏరియా’ ఆన్‌లో ఉంది. మామూలు ప్రింటర్లు కాగితం అంచుల దాకా కొట్టలేవు. నాలుగు వైపులా సుమారు 4 మి.మీ. వదిలేస్తాయి. 210 మి.మీ. వెడల్పున్న పేజీని దాదాపు 202 మి.మీ. జాగాలో కూర్చోబెట్టాలంటే 96 శాతానికి కుదించాల్సిందే.

- 91 నుంచి 94 మధ్య వచ్చింది: మీరు గీసింది ఏ4లో, డ్రైవర్ ఉన్నది లెటర్‌లో. ఏ4 ఎత్తు 297 మి.మీ., లెటర్ ఎత్తు 279.4 మి.మీ. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే 94 శాతం. అంచుల ఖాళీ కూడా కలిస్తే 91 దాకా దిగుతుంది.

- 71 లేదా 141 వచ్చింది: ఏ3, ఏ4 తారుమారయ్యాయి. ఏ3 పేజీ ఏ4 కాగితం మీద పడితే 71, ఏ4 పేజీ ఏ3కి సాగితే 141.

- 75 లేదా 133 వచ్చింది: ఒక సాఫ్ట్‌వేర్ ఇంచుకు 72 చుక్కలు అనుకుంటే ఇంకోటి 96 అనుకుంది. ఒకదాంట్లో గీసి, ఇంకోదాంట్లో తెరిచి ప్రింట్ కొట్టినప్పుడు ఇది కనిపిస్తుంది.

- అడ్డం 100, నిలువు ఇంకో అంకె వచ్చింది: వెడల్పు, ఎత్తు నిష్పత్తి తాళం తీసేసి ఎవరో బొమ్మను సాగదీశారు. తేడా అర మిల్లీమీటరో, ఒక మిల్లీమీటరో అయితే మాత్రం అది కాగితాన్ని లాగే రోలర్ల పని కావచ్చు.

ఇప్పుడు ఐడీ కార్డుల దగ్గరికొద్దాం. ప్రామాణిక కార్డు వెడల్పు 85.6 మి.మీ. షాపులో మీ చేతికొచ్చిన కార్డును కొలిస్తే 80.5 ఉందనుకోండి. 80.5ను 85.6తో భాగిస్తే 94 శాతం. అంటే బొమ్మను ముట్టుకోవాల్సిన పనే లేదు. డ్రైవర్‌లో లెటర్ తీసేసి ఏ4 పెడితే సరిపోతుంది. 82 వచ్చి ఉంటే 96 శాతం, అప్పుడు ఫిట్ టు పేజ్ తీసేయాలి.

ఈ లెటర్ గొడవ మనకెందుకు?

మన దుకాణాల్లో లెటర్ సైజు కాగితం కొందామన్నా సులువుగా దొరకదు. అయినా మన ప్రింటర్లలో ఆ పేరు ఎందుకుంటుంది? ఏ4 కొలత జర్మనీలో 1922లో వచ్చిన ప్రమాణం. వాల్టర్ పోర్స్ట్‌మాన్ అనే ఇంజినీర్ రూపొందించాడు. 1975లో అది అంతర్జాతీయ ప్రమాణం అయింది. మన దేశంతో సహా ప్రపంచంలో ఎక్కువ దేశాలు దాన్నే వాడుతున్నాయి. అమెరికా, కెనడాలు మాత్రం లెటర్‌తోనే ఉండిపోయాయి. చాలా సాఫ్ట్‌వేర్లు పుట్టింది ఆ దేశాల్లోనే. కోరల్‌డ్రా కెనడాది, ఫొటోషాప్ అమెరికాది. అందుకే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ప్రాంతం యునైటెడ్ స్టేట్స్ అని వదిలేస్తే లెటర్ దానంతటదే వచ్చి కూర్చుంటుంది.

ఏ వరుసలో ఓ సౌకర్యం ఉంది. ఏ0 విస్తీర్ణం సరిగ్గా ఒక చదరపు మీటరు. సగానికి మడిస్తే ఏ1, మళ్లీ మడిస్తే ఏ2. ఎన్నిసార్లు మడిచినా వెడల్పు, ఎత్తుల నిష్పత్తి మారదు. కాబట్టి ఏ3లో వేసిన పోస్టర్‌ను ఏ4లో తీసినా అంచులు తెగవు, కొలత మాత్రం 71 శాతం అవుతుంది. లెటర్‌కు, లీగల్‌కు ఈ సుఖం లేదు.

లీగల్ దగ్గర ఇంకో తకరారు ఉంది. లీగల్ 216×356 మి.మీ. ఫుల్‌స్కేప్ లేదా ఎఫ్‌ఎస్ అని పిలిచే కాగితం 216×330 మి.మీ. రెంటికీ ఒక ఇంచు తేడా. డాక్యుమెంట్ కింద ఉన్న సంతకం గీత తెగిపోయిందంటే డిజైన్ తప్పు అనుకోకండి. ముందు ట్రేలో ఉన్న కాగితాన్ని కొలవండి.

ఫొటోకు కొలత లేదు.. పిక్సెళ్లే!

ఇంకో ఫిర్యాదు ఏంటంటే, ‘ఫోన్ ఫొటో ప్రింట్ కొడితే ఒక ముక్కే వచ్చింది, మిగతాది వేరే పేజీల్లోకి పోయింది’ అని. 12 మెగాపిక్సెల్ ఫొటోలో 4000×3000 పిక్సెళ్లు ఉంటాయి. ఫొటో ఎన్ని ఇంచులు అన్నది అందులో ఇంచుకు ఎన్ని చుక్కలు అని రాసి ఉందన్న దాన్ని బట్టి మారుతుంది. దీన్నే డీపీఐ అంటున్నాం.

అదే ఫొటో 72 డీపీఐ అయితే వెడల్పు 55 ఇంచులు దాటుతుంది. 96 అయితే దాదాపు 42 ఇంచులు. 300 అయితే 13.3 ఇంచులే. ఫొటో ఒక్కటే, పిక్సెళ్లూ అన్నే. విండోస్ పెయింట్‌లో స్కేలింగ్ దగ్గర ‘అడ్జస్ట్ టు 100 శాతం’ అని ఉండి, ఫొటో 96 డీపీఐలో ఉంటే దాన్ని మొత్తంగా దించడానికి పదహారు ఏ4 కాగితాలైనా కావాలి. ‘ఫిట్ టు 1 బై 1 పేజ్’ పెడితే ఒక్క కాగితంలో వస్తుంది.

చూడటానికి తీసే ఫొటో ప్రింట్‌కు ఫిట్ మంచిదే. కొలతతో పనున్న బొమ్మకు ఫిట్ పనికిరాదు. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే సగం సమస్యలు రావు.

ఫొటోషాప్‌లో ఇమేజ్ సైజ్ తెరిచి, రీశాంపుల్ టిక్ తీసేసి 300 అని కొట్టండి. పిక్సెళ్లు మారకుండా ఇంచులు మాత్రమే మారతాయి. టిక్ ఉంచి కొడితే సాఫ్ట్‌వేర్ లేని పిక్సెళ్లను కల్పిస్తుంది. ఫైలు బరువెక్కుతుంది తప్ప బొమ్మకు స్పష్టత రాదు.

ఏ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడ చూడాలి?

కోరల్‌డ్రా: ఏ బొమ్మనూ సెలెక్ట్ చేయకుండా ఉంటే పై పట్టీలో పేజీ కొలత కనిపిస్తుంది. యూనిట్లు మి.మీ.లోకి మార్చుకోండి. ప్రింట్ కిటికీలో లేఅవుట్ ట్యాబ్‌లో ‘యాజ్ ఇన్ డాక్యుమెంట్’ ఉండాలి. ‘ఫిట్ టు పేజ్’ ఉంటే కొలత పోయినట్టే. పేజీ అడ్డం, కాగితం నిలువు అయితే సాఫ్ట్‌వేర్ సరిచేయమంటావా అని అడుగుతుంది. అలవాటుగా నో కొట్టేయకుండా చదవండి.

ఫొటోషాప్: ప్రింట్ కిటికీలో ‘స్కేల్ టు ఫిట్ మీడియా’ టిక్ తీసి, స్కేల్ 100 శాతం ఉంచండి. అదే కిటికీలోని ప్రింట్ సెట్టింగ్స్ నొక్కితే డ్రైవర్ తెరుచుకుంటుంది. పేపర్ సైజ్ అక్కడ చూడాలి.

గింప్: ఇమేజ్ మెనూలో ప్రింట్ సైజ్ దగ్గర మి.మీ.లో కొలత ఇవ్వండి. ఫైల్ మెనూలోని పేజ్ సెటప్‌లో ఏ4 ఎంచుకున్నాకే ప్రింట్‌లోకి వెళ్లండి.

ఇంక్‌స్కేప్: డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో పేజీని మి.మీ.లో పెట్టండి. నేరుగా ప్రింట్ కన్నా పీడీఎఫ్‌గా సేవ్ చేసి తీయడం మేలు. 2017లో వచ్చిన 0.92 వెర్షన్‌కు ముందు ఇది ఇంచుకు 90 చుక్కలు లెక్కగట్టేది, ఆ తర్వాత 96. పాత ఫైళ్లు తెరిచేటప్పుడు మార్చమంటావా అని అడుగుతుంది. సరిగా చెప్పకపోతే బొమ్మ 94 శాతానికి దగ్గరగా కుదించుకుపోతుంది. కాగితం మీద అచ్చం లెటర్ తప్పులాగే కనిపిస్తుంది. తెర మీదే బొమ్మ కొలత తగ్గి ఉందా అని చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఆటోక్యాడ్: ప్లాట్ కిటికీలో ‘ఫిట్ టు పేపర్’ టిక్ తీసేసి స్కేలు మీరే ఇవ్వండి. 30×40 అడుగుల ప్లాటు అంటే 9,144×12,192 మి.మీ. 1:50లో అది 183×244 మి.మీ. అవుతుంది. ఏ4లో హాయిగా పడుతుంది. ఫిట్ పెట్టి తీసిన ప్లాన్ చూడ్డానికి అందంగానే ఉంటుంది, కానీ మేస్త్రీ దాని మీద స్కేలు పెట్టి కొలిస్తే గది కొలతే మారిపోతుంది. సివిల్ ఆఫీసుల్లో ఇది చిన్న తప్పు కాదు.

పీడీఎఫ్: అడోబ్ రీడర్‌లో ‘యాక్చువల్ సైజ్’ ఎంచుకోండి. ‘ఫిట్’, ‘ష్రింక్ ఓవర్‌సైజ్‌డ్ పేజెస్’ అన్నవి రెండూ కొలత మార్చగలవు. క్రోమ్‌లో తెరిస్తే మోర్ సెట్టింగ్స్‌లో స్కేల్ చూడండి.

మీరు ప్రతిసారీ ఏ4 పెట్టినా మర్నాటికి మళ్లీ లెటర్ అయిపోతోందా? విండోస్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో ‘ప్రింటింగ్ డిఫాల్ట్స్’ అని ఉంటుంది. అక్కడ ఒకసారి ఏ4 మార్చి సేవ్ చేస్తే ఆ కంప్యూటర్ వాడేవాళ్లందరికీ అదే వర్తిస్తుంది.

అంచు తెగితే..

కొలత సరిగ్గానే ఉంది, కానీ చుట్టూ గీసిన బోర్డర్ ఒక పక్క రాలేదు. ఇది ప్రింటర్ తాకలేని అంచు సమస్య. రెండు దారులున్నాయి. బోర్డర్‌ను కాగితం అంచు నుంచి కనీసం 5 మి.మీ. లోపలికి జరపడం ఒకటి. పెళ్లి కార్డు, విజిటింగ్ కార్డు లాంటి వాటిలో రంగు అంచు దాకా ఉండాలంటే రెండో దారి. పెద్ద కాగితం మీద కొట్టి కత్తిరించాలి. అప్పుడు రంగును కొలత కన్నా నలువైపులా 3 మి.మీ. బయటికి పొడిగిస్తారు. దీన్ని బ్లీడ్ అంటారు. కటింగ్‌లో కత్తి కాస్త జరిగినా తెల్ల గీత కనిపించదు. అక్షరాలను మాత్రం అంచుకు దూరంగా ఉంచాలి.

కాగితం చాలకపోతే కుదించాలా?

దీనికి మన జిల్లాలోనే ఓ పాఠం ఉంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో 185 మంది నిలిచారు. ఎక్కువమంది పసుపు, ఎర్రజొన్నకు గిట్టుబాటు ధర, పసుపు బోర్డు కోరుతూ నామినేషన్ వేసిన రైతులు. ఓటింగ్ యంత్రం ఒక్కో బ్యాలెట్ యూనిట్ మీద 16 పేర్లే పడతాయి. నోటాతో కలిపి 186. అక్షరాలు కుదించి ఇరికించే వీల్లేదు, ఓటరు చదవగలగాలి. అందుకే ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 యూనిట్లు పక్కపక్కన పెట్టారు.

ప్రింటింగ్‌లోనూ అంతే. కొలత తగ్గించకూడని పెద్ద బొమ్మ ఒక కాగితంలో పట్టకపోతే పలకలుగా విడగొట్టాలి. కోరల్‌డ్రాలో ‘ప్రింట్ టైల్డ్ పేజెస్’, అడోబ్ రీడర్‌లో ‘పోస్టర్’ ఆ పనే చేస్తాయి. పలకల మధ్య 5 నుంచి 10 మి.మీ. ఒకదాని మీదొకటి వచ్చేలా ఓవర్‌ల్యాప్ ఇస్తే అతికించడం సులువు. కాలేజీ ఎగ్జిబిషన్ చార్టులు, దర్జీ నమూనాలు ఇలాగే మామూలు ఏ4 ప్రింటర్ మీద తీయొచ్చు.

ఫ్లెక్స్ సంగతి వేరు. 20×10 అడుగుల ఫ్లెక్స్‌ను 300 డీపీఐలో వేద్దామనుకుంటే 72,000 పిక్సెళ్ల వెడల్పు కావాలి. మామూలు పీఎస్‌డీ ఫైలు 30,000 పిక్సెళ్లు దాటితే ఒప్పుకోదు. దూరం నుంచి చూసే బొమ్మకు అంత అవసరం కూడా లేదు. 72 డీపీఐలో వేస్తే 17,280×8,640 పిక్సెళ్లు సరిపోతాయి. అడుగుకు ఒక ఇంచు లెక్కన 20×10 ఇంచుల్లో డిజైన్ చేసేవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే ఫైలు పేరులోనే ‘20×10 అడుగులు, 12 రెట్లు’ అని రాసివ్వండి. రాయకపోతే మెషీన్ దగ్గరి మనిషి ఊహ మీద ఆధారపడాల్సి వస్తుంది.

మీ దరఖాస్తుకూ ఇదే లెక్క

ఉద్యోగాల నోటిఫికేషన్లలో ఫొటో 35×45 మి.మీ. అని అడగడం మీరు చూసే ఉంటారు. 300 డీపీఐలో అది 413×531 పిక్సెళ్లు. 4×6 ఇంచుల ఫొటో కాగితం మీద నాలుగు చొప్పున రెండు వరుసల్లో ఎనిమిది వస్తాయి. ఏ4 మీద 2 మి.మీ. ఎడంతో వరుసకు ఐదు చొప్పున ఆరు వరుసలు, మొత్తం 30. వరుసకు ఆరు పెడదామంటే సరిగ్గా 210 మి.మీ. అవుతుంది, అంచులు తెగుతాయి. ఆన్‌లైన్ దరఖాస్తుల్లో పిక్సెళ్లు, కేబీలు వేర్వేరుగా అడుగుతారు. పిక్సెళ్లు సరిచేసుకున్నాకే జేపీజీ నాణ్యత తగ్గించి కేబీలు దించాలి. ముందు కేబీలు దించేసి తర్వాత సాగదీస్తే ముఖం మసకబారుతుంది.

ఉద్యోగానికి ఎలా పనికొస్తుంది?

నిజాంసాగర్ నీళ్లు, చెరకు తోటలు, 1937లో మొదలైన నిజాం షుగర్స్.. ఒకప్పుడు బోధన్ చుట్టుపక్కల ఇళ్లల్లో ఉద్యోగం అంటే శక్కర్‌నగర్ వైపే చూసేవారు. 2015 డిసెంబర్‌లో ఫ్యాక్టరీ మూతపడింది. ఇప్పుడు చదువు పూర్తిచేసిన పిల్లలు నిజామాబాద్‌కో, హైదరాబాద్‌కో బస్సెక్కుతున్నారు. వాళ్లందరికీ పెద్ద కంపెనీ కొలువులే మొదటి మెట్టు కావాలనేం లేదు. పెళ్లిళ్ల సీజన్‌లో కార్డులు, స్కూళ్లు తెరిస్తే ఐడీ కార్డులు, ఎన్నికలొస్తే ఫ్లెక్సులు, ఇంటి అనుమతులకు ప్లాన్లు.. వీటన్నిటికీ ప్రింట్ తెలిసిన చేయి కావాలి. 2025లో జాతీయ పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం నిజామాబాద్‌లో ప్రారంభమైంది. పసుపును బస్తాల్లో కాకుండా పొడి చేసి ప్యాకెట్లలో అమ్మాలనుకునే రైతు సంఘాలకు లేబుల్ కావాలి. లేబుల్ 3 మి.మీ. పెరిగితే ప్యాకెట్ అతుకు మీదికి పోతుంది. అక్కడా కొలతే ముఖ్యం.

శాస్త్రీయంగా నేర్చుకోవాలనుకునేవారికి ఐటీఐ వ్యవస్థలో డెస్క్‌టాప్ పబ్లిషింగ్ ఆపరేటర్, కోపా ట్రేడులు ఏడాది కోర్సులుగా, డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ రెండేళ్ల కోర్సుగా ఉన్నాయి. డిగ్రీ చదువుతున్నవారు విడిగా కోర్సు చేరకపోయినా ఇంక్‌స్కేప్, గింప్ ఉచితంగా దింపుకొని సాధన మొదలుపెట్టొచ్చు.

ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు సర్టిఫికెట్ల ఫైలుతోపాటు ఈ ఐదు నమూనాలు తీసుకెళ్లండి:

1. వంద మి.మీ. గీతలున్న ఏ4 షీటు, ఏ ప్రింటర్ మీద తీశారో పక్కన రాసి
2. పది ఐడీ కార్డుల షీటు, కత్తిరించిన ఒక కార్డుతో
3. బ్లీడ్‌తో చేసిన విజిటింగ్ కార్డు
4. 1:50లో తీసిన 30×40 ప్లాన్
5. నాలుగు ఏ4 కాగితాలు అతికించి చేసిన ఏ2 పోస్టర్

సాఫ్ట్‌వేర్ల పేర్లు రెజ్యూమెలో అందరూ రాస్తారు. ‘ఇచ్చిన కొలతకు మొదటి షీటులోనే ప్రింట్ తీయగలను’ అని రాసి, ఎదురుగా తీసి చూపించే వాళ్లు తక్కువ.

ప్రింట్ కొట్టే ముందు అర నిమిషం

- పేజీ, డ్రైవర్, ట్రే మూడింటిలో ఒకే సైజు ఉందా?
- స్కేలింగ్ 100 శాతం లేదా యాక్చువల్ సైజ్ ఉందా?
- కాగితం నిలువు, పేజీ అడ్డం కాలేదు కదా?
- బొమ్మ అంచు నుంచి 5 మి.మీ. లోపల ఉందా? లేదా బ్లీడ్ ఇచ్చారా?
- ప్రివ్యూలో ఒక పేజీయేనా, ఎక్కువ చూపిస్తోందా?
- ఖరీదైన ఫొటో షీటు పెట్టేముందు మామూలు కాగితం మీద ఒకటి తీసి కొలిచారా?

మళ్లీ ఆ షాపులోకి వెళ్దాం. తెల్ల అంచున్న కార్డు మీ చేతిలో ఉంది. ఈసారి మౌస్ ముట్టుకోలేదు. జేబులోంచి స్కేలు తీసి కార్డు కొలిచారు. 80.5. ఫోన్‌లో భాగించారు. 94 శాతం. డ్రైవర్ తెరిచి, పేపర్ సైజ్ మార్చి, మామూలు కాగితం మీద ఒకటి తీసి కొలిచి, ఆ తర్వాత ఫొటో షీటు పెట్టారు. కట్టర్ నొక్కితే కార్డు అంచు దాకా రంగుతో ఊడి వచ్చింది.

‘ఏం జేసినవ్ తమ్మీ?’

‘ఫైలు మంచిగనే ఉందన్నా. ప్రింటర్ల లెటర్ పెట్టి ఉండె, ఏ4 చేసిన. మల్ల మారకుండ డిఫాల్ట్ గూడ మార్చిన.’

యజమాని కార్డును అటూ ఇటూ తిప్పి చూసి, సొరుగులోంచి ఇంకో పెన్‌డ్రైవ్ తీసిచ్చాడు. ‘ఇగో, ఇవి రెండొందల కార్డులు. రేపు పొద్దుగాల్లకు గావాలె.’